ట్రావెల్ ట్రైలర్ పైకప్పు అంచులకు మళ్లీ సీలెంట్: రైలు విప్పి చేయాలా, పైన పూస్తే సరిపోతుందా?

గోదారి_ఫ్రిస్కో
అందరికీ నమస్కారం. మాది 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక కట్టి లాగే చక్రాల ఇల్లు), 2016 మోడల్. పక్క గోడలు నున్నటి ఫైబర్‌గ్లాస్, పైన తెల్ల రబ్బరు షీటు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మా కాలనీ అసోసియేషన్ వాళ్లు ఇంటి ముందు పెట్టనివ్వరు కాబట్టి ఊరి బయట స్టోరేజీలో ఉంచుతున్నాం. అక్కడ పైన షెడ్డు లేదు. టెక్సస్ ఎండ, వడగళ్లు, అన్నీ దాని మీదే.

మొన్నటి వానల తర్వాత తలుపు తీయగానే ముక్క వాసన కొట్టింది. ముందు మంచం పక్కన ఎడమవైపు పై అల్మరాలో గోధుమ రంగు మరక ఉంది, అరచేయంత. వేలితో నొక్కితే వాల్‌పేపర్ కింద చెక్క కొంచెం లోపలికి పోతోంది. బయట నిచ్చెన వేసుకుని చూశాను. కప్పు, గోడ కలిసేచోట పొడవునా అల్యూమినియం గట్టర్ రైలు (వాన నీళ్లు పారే గాడి ఉన్న లోహపు పట్టీ) ఉంటుంది కదా, దాని మీద స్క్రూలను కప్పే తెల్ల వినైల్ పట్టీ కుంచించుకుపోయి చివర్లో బయటికి వచ్చేసింది. లోపల స్క్రూ తలలు తుప్పు పట్టి ఉన్నాయి. రైలు పై అంచున వేసిన సీలెంట్ (నీళ్లు దిగకుండా సందుల్లో పూసే బంక) సన్నగా బీటలు వారింది. ముందు వంపు దగ్గరైతే గోరు దూరేంత సందు.

ఇక్కడి షాపు ఒకదాంట్లో అడిగితే వారాల తరబడి వెయిటింగ్ అన్నారు. పైగా "పాతదాని మీదే ఇంకో కోటు వేస్తాం" అంటున్నారు. రైలు విప్పుతారా అంటే సూటిగా జవాబు లేదు. పిల్లలకు స్ప్రింగ్ బ్రేక్‌లో పాలో డ్యూరో కాన్యన్ తీసుకెళ్తానని మాటిచ్చాను. నేనే చేసుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

ఓరుగల్లు_చార్లెట్
మాదీ ఇదే కథ అన్నా, మా బండికి వెనక మూల. ఈ థ్రెడ్ మొత్తం చదువుతాను.

ఒహాయో_పెద్దన్న
తమ్ముడూ, ముందుగా కంగారుపడకు. చేసుకోగలిగే పనే ఇది. కానీ ఆ అంచు లోపల ఏముందో తెలిస్తే తప్ప ఎక్కడ పూయాలో అర్థం కాదు.

పైన రబ్బరు షీటు కప్పు అంచు దాటి గోడ మీదికి రెండు మూడు అంగుళాలు దిగి ఉంటుంది. అక్కడ దాన్ని పిన్నులు కొట్టి ఆపుతారు. ఆ మడత మీద రైలు పెట్టి స్క్రూలు బిగిస్తారు. రైలుకీ గోడకీ మధ్య బ్యూటైల్ టేపు ఉంటుంది, బంకలా సాగే పట్టీ. నీళ్లను ఆపేది నిజానికి అదే. పైన కనిపించే సీలెంట్ దానికి గొడుగు పట్టినట్టు మాత్రమే. స్క్రూలు ఆ బ్యూటైల్‌ని చీల్చుకుంటూ లోపలి చెక్కలోకి పోతాయి. అంటే ప్రతి స్క్రూ ఒక కన్నమే.

వినైల్ పట్టీ కుంచించుకుపోయిన రోజు నుంచి నీళ్లు ఆ గాడిలోనే నిలబడుతున్నాయి. స్క్రూ తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన స్క్రూ వెంట తడి చెక్కలోకి దిగుతుంది, మెత్తబడిన చెక్కలో స్క్రూ పట్టు వదులుతుంది, రైలు లేస్తుంది. ఆ దశలో పైన ఎన్ని కోట్లు వేసినా లాభం లేదు. పై నుంచి ఆపిన నీళ్లు స్క్రూ కన్నాల్లోంచి వస్తాయి. లోపలి తడి బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది.

అందుకే నా మాట: చెక్క మెత్తబడిన ఎడమవైపు రైలు విప్పాల్సిందే. మిగతా వైపులు ఎలా ఉన్నాయో చూసి తేల్చుకో.

ఇంకో సంగతి. మరక ఉన్నచోటే లీకు ఉందనుకోవద్దు. నీళ్లు చెక్క వెంట ఎంత దూరమైనా నడుస్తాయి. ముందు మూల చూశాక పైకి వెళ్లి వెంట్లు, ప్లంబింగ్ పైపు, యాంటెనా కింద కూడా చూడు.

ఫీనిక్స్_ఎండ
పెద్దన్న చెప్పింది నిజమే గానీ అంత పని అందరి వల్లా కాదు. 26 అడుగుల రైలు విప్పి వంకర పోకుండా మళ్లీ పెట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. నేను నాలుగు అంగుళాల ఎటర్నాబాండ్ టేపు (కప్పు లీకులకి అంటించే బ్రాండు టేపు) తెచ్చి రైలు మీద సగం, కప్పు మీద సగం వచ్చేలా చుట్టూ వేసేశాను. అరిజోనా ఎండలో ఏళ్లుగా ఉంది, చుక్క నీరు లేదు. పాత సీలెంట్ గడ్డలు గీకేసి, ఆల్కహాల్‌తో తుడిచి, అంటించాక రోలర్‌తో గట్టిగా నొక్కాలి. ఆ టేపు ఒత్తిడికే పట్టుకుంటుంది, రోలర్ కొట్టకపోతే పని సగమే అయినట్టు.

ఒహాయో_పెద్దన్న
ఫీనిక్స్ గారూ, ఆ టేపు గొప్పదే, నేను కాదనను. రైలు గట్టిగా ఉండి, కింద చెక్క పొడిగా ఉంటే అది ఒక మంచి దారి. నా అభ్యంతరం ఈయన విషయంలోనే. లోపల చెక్క అప్పటికే తడి. దాని మీద ఎటర్నాబాండ్ వేస్తే తడిని లోపల పెట్టి తాళం వేసినట్టే. పైగా అది ఒకసారి పట్టుకుంటే మళ్లీ తీయడం కష్టం, లాగితే రబ్బరు షీటు కూడా చిరిగి వస్తుంది. రేపు రైలు విప్పాల్సి వస్తే ఏం చేస్తాం?

ఫీనిక్స్_ఎండ
> లోపల చెక్క అప్పటికే తడి.

ఈ మాటకు ఒప్పుకుంటాను. తడి ఆరకుండా టేపు వేయమని నేను కూడా చెప్పను. నేను వేసినప్పుడు కింద అంతా పొడిగానే ఉంది.

లీడ్స్_తెలుగమ్మాయి
నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, ఇక్కడ వీటిని క్యారవాన్ అంటారు. మా దగ్గర ఏటా సర్వీసులో తప్పనిసరిగా తడి పరీక్ష చేస్తారు. రెండు సూదులున్న మాయిశ్చర్ మీటర్‌తో ప్రతి మూలా, ప్రతి కిటికీ కిందా కొలిచి ఒక బొమ్మ మీద అంకెలు రాసిస్తారు. 15 శాతం లోపు ఉంటే మంచిది. 15 నుంచి 20 మధ్య ఉంటే కనిపెట్టుకుని ఉండాలి. 20 దాటితే చూడాల్సిందే, 30 దాటితే చెక్క పాడైపోతూ ఉండొచ్చు.

గోదారి గారూ, మీటరు ఏమంత ఖరీదు కాదు, ఒకటి కొనండి. అల్మరాల లోపల, మరీ కనిపించని చోట గుచ్చండి. బయట ఏ రైలు విప్పాలో ఆ అంకెలే చెబుతాయి. మా బండికి మరక పైకి కనిపించకముందే ముందు కిటికీ పక్క ఎక్కువ చూపించింది, అందుకే చిన్న పనితో బయటపడ్డాం.

గోదారి_ఫ్రిస్కో
థాంక్స్ అక్కా, మీటరు తెచ్చాను. కుడివైపు పొడవునా 9 నుంచి 12. వెనక గోడ 11. ఎడమవైపు మధ్య నుంచి వెనక్కి 12, 13. ఎడమ ముందు మూల దగ్గర 28, అక్కడి నుంచి వెనక్కి నాలుగడుగుల వరకు 20 పైనే. అంటే తడంతా ఒక్కచోటే ఉంది.

అలాగే పాత ఓనరు ముందు వంపు మీద మెరిసే పారదర్శకమైన బంక ఏదో పూశాడు. గోరుతో లాగితే రబ్బరు దారంలా వస్తోంది. ఇదేంటి?

ఆస్టిన్_మెకానికల్
అది బాత్రూముల్లో వాడే సిలికాన్. కప్పు మీద దానంత తలనొప్పి ఇంకోటి లేదు. ఈపీడీఎం రబ్బరుకి, అంటే కప్పు మీద వేసే షీటుకి, గట్టిగా అంటదు, పైగా దాని మీద ఇంకేదీ అంటదు, కొత్త సిలికాన్ కూడా. పూర్తిగా గీకి తీసేయాలి, పొర కూడా మిగలకూడదు.

మూలలే ఎందుకు తెరుచుకుంటాయో కూడా చెబుతాను. అల్యూమినియం ఒక డిగ్రీ ఫారెన్‌హీట్‌కి అంగుళానికి సుమారు 0.000013 అంగుళం సాగుతుంది. 26 అడుగులంటే 312 అంగుళాలు. జనవరి తెల్లవారుజాముకీ ఆగస్టు మధ్యాహ్నం ఎండలో కాలిన రైలుకీ 100 డిగ్రీల తేడా సులువుగా ఉంటుంది. లెక్క వేస్తే దాదాపు 0.4 అంగుళం. కింద చెక్క అందులో నాలుగో వంతు కూడా సాగదు. మధ్యలో స్క్రూలు పట్టి ఉంచుతాయి కాబట్టి ఆ లాగుడంతా చివరలకీ వంపులకీ చేరుతుంది. దానికి తోడు హైవే మీద గంటకి 65 మైళ్ల వేగంతో పోతుంటే ఎదురువాన ముందు మూలల్నే కొడుతుంది. అందుకే ఎండాక కూడా సాగే గుణం ఉన్న సీలెంటే వాడాలి. రాయిలా గట్టిపడేది ఏదీ పనికిరాదు.

గోదారి_ఫ్రిస్కో
ఇప్పుడు అర్థమైంది. సరే, ఎడమవైపు రైలు విప్పుతాను. మా తోడల్లుడు, అతని ఫ్రెండు సాయం వస్తామన్నారు. స్టోరేజీలో పని చేయనివ్వరు కాబట్టి ఫ్రెండు వాళ్ల పొలం దగ్గరికి తీసుకెళ్తున్నాం. పెద్దన్నా, వరుసగా ఏం చేయాలో కాస్త వివరంగా చెబుతారా? సామాను ఎంత కావాలి?

ఒహాయో_పెద్దన్న
చెబుతాను, ఓపిగ్గా చదువుకో.

వరసగా రెండు మూడు పొడి రోజులు చూసుకో. ఒకసారికి ఒక్క వైపే విప్పాలి. రైలు లేకుండా బండిని రోడ్డెక్కించొద్దు, గాలికి షీటు లేచిపోతుంది. నీ కప్పు నడవడానికి తగినదో కాదో తెలియకపోతే ప్లైవుడ్ ముక్క వేసుకుని దాని మీద మోకాళ్లు ఆనించు. అంచు పని చాలావరకు నిచ్చెన మీద నుంచే అవుతుంది.

పాత సీలెంట్‌ని హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి ప్లాస్టిక్ గీకుడు పలకతో తియ్యి. ఇనుప చాకు పెట్టావా, షీటు తెగుతుంది. డైకార్ బ్రాండు లాంటి ల్యాప్ సీలెంట్ (కప్పు అతుకుల మీద పూసేది) కప్పు మీద గట్టిగా పట్టుకుని ఉన్నచోట దాన్ని పూర్తిగా పీకాల్సిన పని లేదు, లేచిన ముక్కలు తీసి మిగతాది శుభ్రం చేస్తే కొత్తది దాని మీదే పడుతుంది. సిలికాన్‌కి మాత్రం ఈ మినహాయింపు లేదు. శుభ్రానికి సబ్బునీళ్లు, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఈపీడీఎం మీద పెట్రోలు, కిరోసిన్ జాతి సాల్వెంట్లు గానీ, నారింజ నూనె ఉన్న క్లీనర్లు గానీ తగలనీయకు, రబ్బరు ఉబ్బిపోతుంది.

వినైల్ పట్టీ లాగేసి స్క్రూలు తియ్యి. ఏ స్క్రూ వట్టినే తిరుగుతోందో అక్కడ టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకో, ఆ చెక్కే అనుమానించాల్సింది. రైలు దించేటప్పుడు ముగ్గురూ మూడు చోట్ల పట్టుకోండి. మధ్యలో వంగితే మళ్లీ తిన్నగా రాదు. రైలు వెనక పాత బ్యూటైల్ అంతా తీసేయాలి.

ఇక ఆరబెట్టడం. అందరూ తొందరపడేది ఇక్కడే. లోపల అల్మరా పలక విప్పి ఫ్యాను, వీలైతే డీహ్యూమిడిఫయర్ (గాల్లో తేమ లాగే యంత్రం) పెట్టు. మీటరు 15 కిందికి దిగేదాకా మూయొద్దు. స్క్రూడ్రైవరు మొన గుచ్చితే దిగబడే చెక్క కోసేసి కొత్త ముక్క పక్కన జత చెయ్యి. కన్నం వదులైన చోట వుడ్ గ్లూ రాసిన చెక్క పుల్లలు కొట్టు, లేదంటే అరంగుళం పక్కకి జరిపి కొత్త స్క్రూ వెయ్యి.

మళ్లీ ఎక్కించేటప్పుడు రైలు వెనక కొత్త బ్యూటైల్ వెయ్యి. అంగుళం వెడల్పుది, సాధారణంగా 30 అడుగుల చుట్టలు దొరుకుతాయి, ఒక వైపుకి ఒకటి సరిపోతుంది. పుట్టీ టేపు అంటగడతారు, తీసుకోకు. అది ఎండి పొడి పొడి అయిపోతుంది. స్టెయిన్‌లెస్ స్క్రూలు, ఒక్కోదాని మొనకి కాస్త సీలెంట్ అంటించి వెయ్యి. ఒకేసారి బిగించేయకు. బ్యూటైల్ అంచుల్లోంచి సన్నగా బయటికి ఉబికేదాకా బిగించి, ఒక రోజు ఎండలో వదిలి, మర్నాడు మళ్లీ ఒక చుట్టు బిగించు. వేడికి బ్యూటైల్ సర్దుకుని స్క్రూలు వదులవుతాయి, ఆ రెండో బిగింపు మానొద్దు. ఉబికినది ప్లాస్టిక్ పలకతో కోసేసి, అప్పుడు పై అంచున సీలెంట్.

కొత్త వినైల్ పట్టీని ఎండలో పరిచి మెత్తబడ్డాక గాడిలో నొక్కు. సాగదీస్తూ పెడితే ఏడాదిలో మళ్లీ కుంచించుకుపోతుంది, వదులుగా నెట్టుకుంటూ పోవాలి. చివర్లో అంగుళం ఎక్కువే ఉంచు.

సియాటిల్_వాన
పెద్దన్న చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. ల్యాప్ సీలెంట్ రెండు రకాలుగా వస్తుంది, డబ్బా మీద చూసుకుని కొనండి. తనంతట తాను పరుచుకునే సెల్ఫ్ లెవెలింగ్ రకం సమతలంగా ఉండే కప్పు మీదికి. దాన్ని అంచు వాలు మీద పోస్తే గోడ మీదికి కారి గట్టిపడుతుంది, తర్వాత తీయడం నరకం. రైలు పై అంచుకీ వంపులకీ నాన్ సాగ్ రకం కావాలి, పెట్టినచోట నిలబడుతుంది.

లెక్క: 10.3 ఔన్సుల ట్యూబు ఒకటి అంగుళం వెడల్పున పోస్తే పది పన్నెండు అడుగులకి వస్తుంది. మీ రెండు పక్కలూ కలిపి 52 అడుగులు, అంటే నాన్ సాగ్ అయిదు. ముందు వెనక కలిపి 16 అడుగులు, సెల్ఫ్ లెవెలింగ్ రెండు. వెంట్లకి కూడా ఒకటి రెండు ఎక్కువ తెచ్చుకోండి, సగం పనిలో షాపుకి పరిగెత్తే టెన్షన్ ఉండదు.

50 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా చలిగా ఉంటే వేయొద్దు. మా దగ్గర అయితే వేసవి దాకా ఆగాల్సిందే. పైన పొర త్వరగానే కడుతుంది, లోపలిదాకా గట్టిపడటానికి నెల దాకా పట్టొచ్చు, అప్పటిదాకా దాన్ని తొక్కకుండా, గీకి చూడకుండా ఉండండి.

ఓరుగల్లు_చార్లెట్
ఒక డౌటు. ఇదంతా ఇన్సూరెన్స్ కింద రాదా?

ఆస్టిన్_మెకానికల్
వడగళ్లకి చిరిగితే, చెట్టుకొమ్మ పడితే సాధారణంగా ఇస్తారు. ఏళ్ల తరబడి మెల్లగా కారినదాన్ని మెయింటెనెన్స్ లోపం కింద లెక్కేసి మామూలుగా కాదంటారు. తయారీదారు వారంటీలూ ఇదే మాట అంటాయి, సీలెంట్ తనిఖీ ఓనరు బాధ్యత అని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. ఏడాదికి కనీసం రెండుసార్లు పైకెక్కి ఫోన్‌లో తేదీతో ఫొటోలు తీసి పెట్టుకోండి.

గోదారి_ఫ్రిస్కో
అప్‌డేట్. రైలు విప్పాం, ఇప్పుడే కిందికి దిగి రాస్తున్నాను.

వెనక సగం స్క్రూలు మెరుస్తున్నాయి, బ్యూటైల్ ఇంకా జిగురుగానే ఉంది. ముందుకి వచ్చేకొద్దీ రంగు మారుతూ వచ్చింది. చివరి నాలుగడుగుల్లో స్క్రూలు సగానికి సగం తిని పోయాయి, రెండు తలలు చేతిలోకి ఊడి వచ్చాయి. వంపు దగ్గర బ్యూటైల్ పలచబడి, ఒక చోట అసలు లేనే లేదు. ఫ్యాక్టరీలో రెండు ముక్కలు కలిపినచోట బొటనవేలంత ఖాళీ వదిలేశారు. ఆ ఖాళీకి సరిగ్గా కింద చెక్క నల్లగా మారి, చేత్తో నలిపితే తడి కాఫీ పొడిలా రాలింది. సుమారు పద్నాలుగు అంగుళాలు కోసేశాం. దాని వెనక చెక్క గట్టిగానే ఉంది, మీటరు 22 చూపిస్తోంది.

సిలికాన్ గీకడానికే మధ్యాహ్నమంతా పట్టింది. లోపల పలక విప్పి రెండు ఫ్యాన్లు పెట్టాం. షీటు అంచుని తాత్కాలికంగా టేపుతో గోడకి అంటించి పైన టార్పాలిన్ కప్పాం.

ఒక ప్రశ్న. ఆ మూల కింద బయటి ఫైబర్‌గ్లాస్ మీద చెయ్యి పెడితే చిన్న ఉబ్బు తెలుస్తోంది, సాసరంత. ఇదే డీలామినేషనా?

ఒహాయో_పెద్దన్న
అవును, మొదలైంది. ఫైబర్‌గ్లాస్ వెనక పలచటి లువాన్ ప్లైవుడ్ ఉంటుంది, తడికి ఆ అంటు ఊడిపోతుంది. అంత చిన్నదైతే కంగారు లేదు. నీళ్లు ఆగిపోతే పెరగదు. పైన రైలు తీసి ఉంది కాబట్టి పూర్తిగా ఆరాక ఆ సందులోంచి ఎపాక్సీ పోసి, బయట పలక ఆనించి నొక్కి ఉంచేవాళ్లున్నారు. తడి ఉండగా మాత్రం జిగురు పోయొద్దు, పట్టదు. నన్నడిగితే ఈ ఏడాదికి ఉబ్బు చుట్టూ పెన్సిలు గీత గీసి వదిలెయ్, గీత దాటితే అప్పుడు చూద్దాం.

లీడ్స్_తెలుగమ్మాయి
ఆ ఫ్యాక్టరీ ఖాళీ చూస్తే బాధేసింది. పాత ఓనరు సిలికాన్ పూసింది కూడా సరిగ్గా దాని మీదే కదా, లోపలికి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. మీరు విప్పి మంచి పని చేశారు.

గోదారి_ఫ్రిస్కో
చెక్క 13కి దిగింది. కొత్త ముక్క వేసి, బ్యూటైల్ వంపు దగ్గర రెండు వరసలు వేసి, ఎక్కడా అతుకు లేకుండా ఒకే చుట్టతో రైలు ఎక్కించాం. మర్నాడు ఎండలో మళ్లీ బిగిస్తే పెద్దన్న చెప్పినట్టే చాలా స్క్రూలు పావు చుట్టు తిరిగాయి. నాన్ సాగ్ వేశాం. తర్వాత వాన పడితే అల్మరాలో పేపర్ టవల్ పెట్టి చూశాను, పొడిగా ఉంది. మీటరు 12.

ఇంకో రెండు అడగాలి. రైలు కింది అంచున కూడా సీలెంట్ వేయాలా? కుడివైపు అంకెలు బాగున్నాయి గానీ పైన సీలెంట్ బీటలు వారింది, వినైల్ కూడా పాతదే. అటు ఆనింగ్ (నీడ కోసం బయటికి చాపే పందిరి) గుడ్డ అదే రైలు గాడిలో దూర్చి ఉంది. అదీ విప్పమంటారా?

ఒహాయో_పెద్దన్న
కింది అంచు వదిలెయ్. ఎప్పుడైనా ఒక చుక్క లోపలికి వెళ్తే బయటపడే దారి అదే.

కుడివైపు విప్పకు. కొలతలు పొడిగా ఉన్నాయి, స్క్రూలు పట్టి ఉన్నాయి. వినైల్ తీసి స్క్రూలు ఒక్కొక్కటిగా మార్చు, ఒకటి తీసి ఒకటి వేస్తూ పోతే రైలు కదలదు. పైన బీటలు వారిన సీలెంట్ తీసి నాన్ సాగ్ వెయ్యి, కొత్త వినైల్ పెట్టు. ఆనింగ్ రోలరులో స్ప్రింగు చుట్టుకుని ఉంటుంది, పిన్ను పెట్టి లాక్ చేయకుండా దాన్ని విప్పితే చేతులు విరిగేంత బలంగా తిరుగుతుంది. ఎప్పుడైనా అటు రైలు దించాల్సి వస్తే ఆనింగ్ వరకు మాత్రం బండి దగ్గరికే వచ్చి ట్రైలర్లు బాగుచేసే టెక్నీషియన్‌ని పిలిపించు.

ఫీనిక్స్_ఎండ
ఆ కుడివైపుకి, అంతా పొడిగా ఉంది కాబట్టి, ముందు వంపు మీద ఒక్క అడుగు ఎటర్నాబాండ్ వేయొచ్చు కదా పెద్దన్నా?

ఒహాయో_పెద్దన్న
వేయొచ్చు. నాన్ సాగ్ వేయకముందే వెయ్యాలి, స్క్రూ తలల మీదికి మాత్రం రాకూడదు.